మూడు జానల నాలుగు వేళ్ళు

“…వొద్దే అమ్మా, ‘నాను’ అని రాయకు. కొండబాబు అనే రాయి. నాను అనుకుంటే నాకు నోరు రాదు. కొండబాబని ఒకడున్నాడు, డోలీ మోసీవోడు, ఆడి కత సెప్తన్నాననుకో. ఏటి నవ్వుతావే వెన్నెలా? రాయి.”

ఆ రోజు బుధవారం. పొద్దుటినుంచీ ముసురు. వరహాలరావు సామాన్ల కొట్టు ముందు టార్పాలిన్ కింద గాసి, కొండబాబు గొంతుక్కూర్చున్నారు. ఇద్దరి మధ్యా గోడకు ఆనించి మోత బొంగు. ఆరు మూరల వెదురు. గాసి ఇంట్లో పొయ్యి మీది అటకన పొగ తాగి తాగి నల్లబడింది, భుజాలు తగిలి తగిలి నున్నబడింది. పదేళ్ళుగా ఆ బొంగుకే డోలీ కట్టి నొప్పులొచ్చిన ఆడవాళ్ళనీ జ్వరాలొచ్చిన వాళ్ళనీ కొండ దింపారు. ఈ వేసవి నుంచి అదే బొంగుకి బీరువాలు కట్టి కొండ ఎక్కిస్తున్నారు.

తోటగుడ మెట్ట మీద సర్కారు ఇరవై రెండు ఇళ్ళు కట్టించింది. జీపు కల్వర్టు దాకానే వెళుతుంది. అక్కణ్ణించి మెట్ట పైకి మనిషి భుజమే దారి. ముందు గాసి, వెనక కొండబాబు. మొదటినుంచీ అదే వరస. ముందువాడికి దారి కనబడుతుంది. వెనకవాడికి బరువు, దాని కింద ముందువాడి మడమలు, అంతే. అందుకని ముందువాడు నోటితో చెబుతూ నడవాలి. “రాయి… గుంత… ఎడమకి… జారుడు.” గాసి గొంతు ఎలా పోతే కొండబాబు కాలు అలా పడేది. పదేళ్ళలో ఒక్క మనిషినీ కింద పడెయ్యలేదు.

కొట్టులో క్యాథరిన్ బీరువా చూస్తోంది. అంగన్‌వాడీలో ఆయా. మెట్ట మీద పదిహేడో ఇల్లు ఆమెది, తల్లి మగ్దలేనమ్మది.

“మా పడకగది సిన్నది సావుకారుగోరూ. ఇది పడతాదా?”

“ఇరవై రెండిళ్ళూ ఒకే అచ్చు క్యాథరిన్. పదకొండిళ్ళకి ఇవే పంపాను. ఎవరైనా వెనక్కి తెచ్చారేటి?” వరహాలరావు రెండు తలుపులూ బార్లా తీశాడు. బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆయన నోటికి ఆ ఊరి నునుపు పోలేదు. “అద్దం చూడు. నిన్ను నువ్వు గుర్తుపట్టలేవు.”

“అద్దం నాకెందుకండీ. మా పోడు బూమి పట్టా పెట్టుకోవాల. పాతింట్లో చెద పట్టీసి ఒక అంచు తినీసింది. నంబరు దాకా రాలేదు, దేవుడి దయ.”

“అందుకే ఇనుము తీసుకోమంటున్నాను. చెద పళ్ళూడిపోతాయి.”

కొట్టు వెనక, కుర్చీల వెనకాల, చిన్న బీరువాలు నాలుగు ఉన్నాయి. రొమ్ము ఎత్తు, సన్నటి రెండు రెక్కలు, అద్దం లేదు. వాటి మీద దుమ్ము. ముందు వరసలో లారీ నిండా దిగిన అద్దాల బీరువాలు.

గాసి దగ్గాడు. బొంగు మీద చెయ్యి వేసుకున్నాడు. దాని మొదలు నుంచి కొంత దూరంలో ఒక గాటు ఉంది, కత్తితో కోసింది. మొదటి బీరువా దించిన ఇంట్లోనే కోశాడు. మంచానికీ ఎదురు గోడకీ నడుమ ఎంత సందు ఉంటుందో అంత. ఇళ్ళు ఒకే అచ్చు, మంచాలూ ఒకే లారీలో వచ్చినవి, ఐదడుగులవి. ఆ ఒక్క గాటు అన్ని ఇళ్ళకీ సరిపోయేది.

“అమ్మా,” అన్నాడు గాసి, క్యాథరిన్‌కేసి తిరిగి.

కొండబాబు అతని కాలు తొక్కాడు. సామాను గురించి కొన్నవాళ్ళతో మాటాడకూడదని వరహాలరావు వేసవిలోనే చెప్పాడు. మోసేవాళ్ళు మోస్తే చాలన్నాడు. కాఫీ పళ్ళు ఎర్రబడాలంటే ఇంకా నాలుగు నెలలు. అప్పటిదాకా ఈ మోతే కూడు.

“ఏటి మావా?” అంది క్యాథరిన్.

గాసి కొండబాబు కాలివంక చూశాడు. “ఏం లేదమ్మా. తాడు తడిసిపోనాది, ఆరనీ అంటన్నాను.”

మధ్యాహ్నానికి కల్వర్టు దగ్గర జీపు దింపింది. బీరువాని పడుకోబెట్టి కింద గోనెలు పరిచి, నాలుగు మూలలా మోకు తిప్పి, బొంగు దూర్చి ముడి వేశారు. తలగుడ్డలు నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నారు. “ఎత్తు” అన్నాడు గాసి. బొంగు వంగింది. అద్దం గోనెల్లో సణిగింది. “రాయి… రాయి… వంపు… ఆగు, ఆగు… పద.” వాన పైనుంచి, చెమట లోపల్నుంచి. రెండుచోట్ల దింపారు. రెండోచోట దింపినప్పుడు కొండబాబు కుడి భుజం పట్టేసింది. గాసి తడిమి, బొటనవేలితో నొక్కి, నరం సర్దాడు.  దారి చెప్పడం తప్ప ఆ రోజు అతను ఇంకేమీ మాటాడలేదు.

మగ్దలేనమ్మ మంచం మీద ఉంది. రెండేళ్ళ కింద తుంటి విరిగితే ఆ బొంగు మీదే ఆమెను కొండ దింపారు. అప్పటినుంచీ నేలమీద పడుకుంటే మళ్ళీ లేవలేదు. ఆ మంచం ఆమె కోసమే కొన్నది.

“నన్ను మోసినపుడు ఇంత ఆయాసపడనేదే మీరు?” అంది నవ్వుతూ.

“నువ్వు నోటితో మోసీసినావమ్మా, మాకు బరువు తెలీనేదు,” అన్నాడు కొండబాబు. “అమ్మా సచ్చాను, నాన్నా సచ్చానని కొండంతా ఒకటే అరుపు.”

బీరువాని గోడకు ఆనించారు. ఒక గోడకి కిటికీ, ఒక గోడకి గుమ్మం, మిగిలిన గోడ అదొక్కటే. క్యాథరిన్ తాళం తిప్పి పిడి లాగింది. తలుపు జానెడు తెరుచుకుని మంచం పట్టెకి తగిలి ఆగింది. మళ్ళీ లాగింది. టంగుమంది. పక్కకు నిలబడి చెయ్యి దూర్చింది. చెయ్యి మోచేతి దాకా వెళ్ళింది. పై అర అందలేదు. పట్టా పెట్టడానికి తాళమున్న చిన్న సొరుగు ఆ పైనే ఉంది.

మంచం అటు తిప్పారు. గుమ్మం తలుపు మూసుకోలేదు. ఇటు జరిపారు. ఇంకో తలుపు తగిలింది. ముందుగది సగం వరండాయే, జల్లు లోపలికి కొడుతుంది, ఇనుము ఒక వానాకాలానికే తుప్పు పడుతుంది. మగ్దలేనమ్మ ఇటు అటు జరిగే మంచం మీదే కూర్చుని గోడ పట్టుకుంది.

“నాను కింద పడుకుంటానే,” అంది చివరికి. “మంచం తీసీ. కాయితం ముక్యం.”

“లెగనేవు నువ్వు.”

“లెగకపోతే పడుకునే ఉంటాను. ఎక్కడికి ఎల్లాలి నాను, కలెక్టరాపీసుకా?”

క్యాథరిన్ తల్లికేసి చూడలేదు. గాసి చేతిలోని బొంగు వంక చూసింది, ఆ గాటు వంక. మెల్లగా వచ్చి బొంగు అందుకుని మంచానికీ గోడకీ మధ్య అడ్డంగా పెట్టింది. గాటు సరిగ్గా మంచం పట్టె మీదకు వచ్చింది.

“నీకు తెలుసు గదా మావా,” అంది. అరవలేదు. “పొద్దున్న ‘అమ్మా’ అన్నావు. ఇదే సెప్పబోనావు గదా?”

గాసి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. కొండబాబు గుమ్మం బయట నిలబడి తాడు చుట్టాడు. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాడు.

మర్నాడు క్యాథరిన్ గొడుగేసుకుని కొట్టుకు వచ్చింది. వరహాలరావు ఆమెకు టీ ఇప్పించాడు. మెట్ట ఎక్కిన సరుకు దిగదన్నాడు. గీతలు పడతాయి, సొట్టలు పడతాయి, దాన్ని మళ్ళీ ఎవరు కొంటారు? కావాలంటే మంచం చిన్నది తీసుకో, కొత్తది, తగ్గించి ఇస్తానన్నాడు. ఆమె టీ తాగకుండా లేచింది. వెళుతూ గాసిని చూసి పలకరించలేదు. అంతకుముందు ఎప్పుడూ అలా వెళ్ళలేదు ఆ పిల్ల.

శుక్ర, శని వారాలు మోత లేదు. ఆదివారం గాసి బొంగు భుజాన వేసుకుని ఒక్కడే మెట్ట ఎక్కాడు. వెనక కొండబాబు కూడా వెళ్ళాడు, బరువేమీ లేకపోయినా అలవాటుకొద్దీ. బీరువా ఇంకా కొనని ఇళ్ళు పది. ఒక్కో ఇంటికీ వెళ్ళడం, “పడకగది ఒకపాలి సూపించండమ్మా” అనడం, మంచానికీ గోడకీ మధ్య బొంగు పెట్టడం, గాటు మీద బొటనవేలు ఆనించడం. “ఇదీ మీ సందు. బీరువా తలుపు ఇది దాటకూడదు.” అంతే మాట. ఇంకో ఇల్లు.

“ఏటి బావా ఇది, అమ్మోరికి గద్దె కట్టడానికి కొలిచినట్టు,” అన్నాడు కొండబాబు.

“నువ్వు నా కాలు తొక్కకపోతే ఈ పని ఉండదు కదరా.”

నవ్వుతూనే అన్నాడు గాసి. కొండబాబు నవ్వలేదు.

సోమవారం ఇద్దరు ఆడవాళ్ళు కొట్టుకు వచ్చారు. గాసి నోరు మెదపలేదు. మెదపకూడదన్న మాట దాటలేదు. తాడు తీసుకోవడానికి వచ్చినట్టు లోపలికి వచ్చి, అద్దాల బీరువా పక్కన నేలమీద బొంగు పెట్టాడు, మొదలు వెనక గోడకు ఆనించి. ఆడవాళ్ళే బీరువా తలుపు తీశారు. తలుపు గాటు దాటి పోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్చీల వెనక దుమ్ములో ఉన్న చిన్న బీరువా తలుపు తీసి, బొంగు పక్కకి జరిపించారు. అది గాటుకు ఇవతలే ఆగింది. సాయంత్రానికి అలాంటివి రెండు మెట్ట ఎక్కాయి. మంగళవారం మిగిలిన రెండూ ఎక్కాయి. అద్దాల బీరువా ఒక్కటీ కదల్లేదు.

ఆ మంగళవారమే, గాసి జీపు దగ్గర తాళ్ళు విప్పుతున్నప్పుడు, వరహాలరావు కొండబాబుని లోపలికి పిలిచాడు.

“కూర్చోరా కొండబాబూ.”

కుర్చీ చూపించాడు. ప్లాస్టిక్కుది, చేతులున్నది. ఆ కొట్టుకి ఎన్ని కుర్చీలు మోశాడో, ఒక్కదానిలోనూ కూర్చోలేదు కొండబాబు. కూర్చున్నాడు. పట్టేసిన భుజం కుర్చీ వీపుకి ఆనింది. హాయిగా ఉంది. టీ వచ్చింది.

“గాసి ఆ బొంగు ఎందుకు తెచ్చి నా సరుకు పక్కన పెడుతున్నాడు?”

కొండబాబు ఊదుకుంటూ తాగాడు.

“ఏం లేదు, అడుగుతున్నాను. దాని మీద ఏవో గాట్లున్నాయి. పూజ గాట్లా? మీ వాళ్ళకేదైనా ఆచారమా?”

ఆచారమనేస్తే సరిపోయేది. నవ్వి ఊరుకున్నా సరిపోయేది. ఆయన కోప్పడలేదు, బెదిరించలేదు. గట్టిగా కూడా అడగలేదు. భుజం నొప్పి, టీ వెచ్చన, కుర్చీ మెత్తన. వాన కొట్టు రేకుల మీద పడుతోంది, కొండబాబు మీద పడడం లేదు.

“గదులు కొలిసిన గాటండీ,” అన్నాడు. “ఆదోరం ఇల్లిల్లూ తిరిగి సూపించినాడు.”

“ఓహో,” అన్నాడు వరహాలరావు. “తాగు, తాగు. చల్లారిపోతుంది.”

బుధవారం వాళ్ళు వచ్చేసరికి టార్పాలిన్ ముందుకు పొడిగించి ఉంది. దాని కింద ఊతంగా మూడు ముక్కలు చేసి పాతిన మోత బొంగు. రంపం కోత తెల్లగా కనబడుతోంది. బీరువాల మోత మొదలైనప్పటినుంచీ రాత్రిళ్ళు కొట్టు గోడకు ఆనించి వదిలేసి వెళ్ళడం వాళ్ళకు అలవాటు. ఎవరూ ఎప్పుడూ ముట్టుకోలేదు.

“పాతదైపోయింది, విరిగితే నా అద్దాలు పోతాయి,” అన్నాడు వరహాలరావు. ఇనప గొట్టం ఒకటి గోడకు ఆనించి ఉంది, కొత్తది, నీలం రంగు వేసింది. “నీకూ వయసైపోయింది గాసీ. గోపీని రమ్మన్నాను. కొండబాబు ముందు పడతాడు, గోపి వెనక.”

గోపి ముప్పై ఏళ్ళవాడు, రెండు రోజులుగా పని అడుగుతున్నవాడు. తలవంచుకుని నిలబడ్డాడు.

గాసి ఆ మూడు ముక్కల దగ్గరకు వెళ్ళి చూశాడు. గాటు ఏ ముక్కలో పోయిందో వెతికాడు. మధ్యలో ఉన్నదానికి, భూమిలోకి సగం పోయి, ఉంది. మట్టి కాలితో తన్ని చూశాడు. తర్వాత కొండబాబు దగ్గరకు వచ్చాడు.

“ఎవుడో సెప్పీసినాడు బావా,” అన్నాడు. “ఎవుడో మెట్ట మీదోడే.”

కొండబాబు గొట్టం వంక చూశాడు.

“అవును బావా,” అన్నాడు.

పదేళ్ళలో గాసి చెప్పిన ప్రతి రాయీ రాయే, ప్రతి గుంతా గుంతే. కొండబాబు అతనికి చెప్పిన మొదటి దారి ఇది.

గాసి పెదబయలు వెళ్ళిపోయాడు, కూతురింటికి. తలగుడ్డ కొండబాబుకి ఇచ్చి వెళ్ళాడు. “ముందు పడితే భుజం ఎక్కువ కోసుకుంటాది, రెండూ కలిపి మడత పెట్టు” అన్నాడు.

గురువారం కొండబాబు ముందు నడిచాడు. అద్దాల బీరువా ఒకటి వేరే గూడేనికి. మొదటి వంపులోనే వెనక నుంచి గోపి కేక. మోకాలు రాయికి కొట్టుకుని నెత్తురొచ్చింది.

“బాబాయ్, రాయుందని సెప్పవేటి? నాకేటి కనబడతాది?”

కొండబాబు రాయిని చూశాడు, దాటాడు కూడా. నోరే రాలేదు. పదేళ్ళు వెనక నడిచిన మనిషికి, చూసింది చెప్పాలన్న సంగతి కాళ్ళకు తెలియలేదు. బీరువా దింపించి, గోపి మోకాలికి తలగుడ్డ చింపి కట్టాడు, గాసి ఇచ్చిన గుడ్డ కాదు, తనది. లేచి మళ్ళీ ఎత్తి, “రాయి,” అన్నాడు. “రాయి… జారుడు… గుంత.” గొంతు బొంగురుపోయేదాకా చెబుతూనే నడిచాడు. చెప్పక్కరలేని చోట కూడా చెప్పాడు.

శుక్రవారం సంత. జీపు తోలే ఐజాక్ పెళ్ళాంతో వచ్చాడు. మెట్ట మీద ఇరవయ్యో ఇల్లు వాళ్ళది. చిన్నవి అయిపోయాయని, మళ్ళీ రావని వరహాలరావు చెప్పాడు. అద్దం ముందు ఐజాక్ పెళ్ళాం నిలబడింది. కొత్త జాకెట్టు సర్దుకుంది. ఆమెకు నచ్చింది.

“పడతాదేటంటావు కొండబాబు మావా?” అన్నాడు ఐజాక్. ఊరికే అడిగాడు, పలకరింపుగా.

వరహాలరావు నవ్వుతూ చూస్తున్నాడు. మంగళవారం నాటి కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

కొండబాబు గాసి ఇచ్చిన తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. బీరువా తలుపు బార్లా తీశాడు. గోడ దగ్గర నేలమీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిటికెన వేలు గోడకు ఆనించి, చెయ్యి చాచి, జానెడు కొలిచాడు. బొటనవేలు దగ్గర ఇంకో జాన. ఇంకో జాన. నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి పక్కన పెట్టాడు. అక్కడ ఆగాడు. తలుపు అంచు అతని చేతికి ఇంకా చాలా అవతల ఉంది, భుజం మీద నీడలా.

“మూడు జానల నాలుగు వేళ్ళు,” అన్నాడు. “ఇక్కడికొస్తాది నీ మంచం. తలుపు అక్కడికొస్తాది. తగిలిపోతాది. క్యాథరిన్ ఇంట్లో తగిలింది. మిగతా పదకొండిళ్ళలోనూ తగిలింది. నానే మోసినాను.”

ఐజాక్ పెళ్ళాం మెల్లగా తలుపు మూసింది. ఐజాక్ వంగి తన చేత్తో కూడా కొలిచాడు. అతని చెయ్యి పెద్దది, మూడు జానలే వచ్చాయి. సంతకి వచ్చిన వాళ్ళు ఇద్దరు ముగ్గురు గుమ్మంలో ఆగి చూస్తున్నారు. ఒకామె వేళ్ళు చాచి గాల్లో కొలుచుకుంది.

“బొంగు తీసీసినావు సావుకారీ,” అన్నాడు కొండబాబు ఇంకా నేలమీదే ఉండి. “సెయ్యి తీసెయ్యనేవు గదా.”

వరహాలరావు నవ్వు పోయింది. కోపమంటే అదీ కాదు. ముందు వరసలో మిగిలిన అద్దాలన్నిటిలోనూ కొండబాబు వీపు, గుమ్మంలో జనం.

“ఏటి కావాల్రా నీకు?” అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

“క్యాథరిన్ బీరువా నాను దించుతాను. గీత పడకుండా దించుతాను, కూలీ వొద్దు. సిన్నది తెప్పించు, అదీ నానే ఎక్కిస్తాను.”

“ఆ తర్వాత నా కొట్టుకు రాకు.”

“రాను.”

చిన్న బీరువా లారీ మీద రావడానికి నాలుగు రోజులు పట్టింది. గోపి వెనక పడ్డాడు, కుంటుతూనే, కూలీ అడగకుండానే. దిగేటప్పుడు బరువు ముందువాడి మీద పడుతుంది.  అద్దానికి గీత పడలేదు. చిన్నది ఎక్కించి, గోడకు ఆనించి, మంచం జరిపారు. క్యాథరిన్ తలుపు తీసింది. మొత్తం తెరుచుకుంది. మంచం పట్టెకీ తలుపుకీ మధ్య ఆమె నాలుగు వేళ్ళు పెట్టి చూసింది. పట్టా కవరు తీసి పై అరలో పెట్టి, తాళం తిప్పి, తాళంచెవి తల్లి తలగడ కింద పెట్టింది.

“అద్దం నేదేటే దీనికి?” అంది మగ్దలేనమ్మ.

“నీకెందుకమ్మా అద్దం?”

“ఉంటే సూసుకుందును గదా. మంచం మీదే ఉన్నాను కదా.”

అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక క్యాథరిన్ గుమ్మం వైపు చూసింది.

“గాసి మావ ఏడీ? రానేదేటి? ఆ రోజు ఆడితో మాటాడకుండా వొచ్చీసినాను.”

కొండబాబు తాడు చుట్టాడు. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాడు.

“…అక్కడితో ఆపీ. అంతే. నువ్వు దసరాకి పెదబయలు మీ అత్తోలింటికి ఎల్తావు గదా. గాసి తాత ఆ ఈదిలోనే ఉంటాడు, కూతురింటికాడ. కూకోబెట్టి ఇది చదివి ఇనిపించు. కుర్చీ దగ్గర బేగి చదివీకు, నెమ్మదిగా చదువు. టీ తాగినానని కూడా చదువు. చదివినంతసేపూ ఆడి మొకం సూడకు, కాయితమే సూడు. నానూ ఎప్పుడూ ఆడి మొకం సూసి నడవనేదు, మడమలే సూసినాను. అయిపోయినాక ఆడేటన్నాడో ఇనుకుని రా. ఏటీ అనకపోతే, తలగుడ్డ నా కాడుందని సెప్పు.”